పది జానలు జరిగిన గోడ

అనగనగా, ఎక్కడో కొండల అవతల, కుదురుగా ఉండని నేల మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబులేసు చేనుకీ చెంగన్న చేనుకీ నడుమ ఒక రాతిగోడ. ఓబులేసు నాన్న అరవై ఏళ్ళ కిందట కట్టించాడు. అప్పుడు తిన్నగానే ఉండేది. ఇప్పుడు చూస్తే నడిమికి తెగి, తూర్పు సగం చెంగన్న చేను వైపు పది జానలు జరిగి ఉంది.

ఇంకేముంది! కరణం పడమటి కొస నుంచి తాడు లాగాడు. గోడ తాడు తప్పింది, ఓబులేసు దొంగ అన్నాడు. ఆ ఊరి కట్టు అదే, తాడు చెప్పిందే తీర్పు. రాజు కూడా సరేనని, ఓబులేసును ఊరి నుంచి వెళ్ళగొట్టమన్నాడు. చూశారా అన్యాయం! డెబ్భై ఏళ్ళ ముసలాయన, నిండు బిందె ఎత్తలేనివాడు, రాతిగోడ జరిపాడట! ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆయన కోడలు నాంచారికి ఇంకా మండింది. పుట్టింటివాళ్ళు బావులు తవ్వేవాళ్ళు, నేల పొరలు చూస్తూ పెరిగింది. కొంగు బిగించి రాజు ముందుకే వెళ్ళింది. గోడ తూర్పు సగానికి ఎదురుగా చెంగన్న బావి ఉంది, గోడ కట్టిన ఏడాదే తవ్వారు, గోడకు ఎనిమిది బారల దూరమని బావి రాతి మీదే చెక్కారు, కొలిపించండి అంది.

కొలిచారు. ఎనిమిదే!

"బారకు ఎనిమిది జానలు కదా కరణంగారూ? గోడ ఒక్కటే జరిగితే బారా రెండు జానలు తగ్గాలి. ఏవీ?"

కరణం మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఎనిమిదే!

గోడా, బావీ, చేనూ అన్నిటినీ మోసుకుని నేలే జరిగిందని చెప్పింది నాంచారి. భూమి పైపెంకు ఒకే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలు. ఢీకొన్నచోట కొండలు లేస్తాయి. విడిపోయినచోట సందులోంచి నిప్పురసం ఉబుకుతుంది. మన ఊరి కింద రెండు పలకలు ఒరుసుకుంటూ చెరోవైపు పోతున్నాయి. ఒక్కోసారి పట్టేసుకుని, ఒక్క విదిలింపు విదిలిస్తాయి, అదే భూకంపం. సగటున ఏడాదికి రెండు వేళ్ళ వెడల్పు జరుగుతాయి. అరవై ఏళ్ళకు నూట ఇరవై. జానకు పన్నెండు వేళ్ళు, అంటే పది జానలు!

"వెళ్ళగొట్టాలంటే భూమిని వెళ్ళగొట్టండి ప్రభూ, ఎక్కడికి తోలతారో తోలండి!"

రాజు తల దించుకుని తీర్పు మార్చాడు. తెగినచోట గోడను ఏటవాలుగా కలపమని కరణం నెత్తికే రాళ్ళెత్తించాడు. చెంగన్న పరుగున వచ్చి, "తాడు మాట నమ్మాను మామా, నీ మాట నమ్మలేదు" అని ఓబులేసు చేతులు పట్టుకున్నాడు. ఆ పూట రెండిళ్ళవాళ్ళూ ఒకే పంక్తిలో భోంచేశారు.

నింద వేసేముందు కొలత వేయాలర్రా! కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లోకి దూరండి.