శుక్రవారం బల్ల

బాలశౌరి ఫాదర్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. ఆయన దగ్గర జవాబు కూర్చుంటే దొరికేది కాదు, నడిచి వెళ్లి తెచ్చుకోవలసిందే. అందుకే పల్నాడులో ఆయన చూసుకునే ఆ విచారణకు, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ల గుడి పరిధికి, శిక్షణ కోసం వచ్చిన బ్రదర్లు, కాళ్లలో సత్తువ ఉన్న రోజే సందేహాలు పెట్టుకోవాలని నవ్వుకునేవారు.

డీకన్ జోజిబాబు సందేహం మాత్రం నవ్వులాటది కాదు. డీకన్ అంటే ఫాదర్ కావడానికి ఒక్క మెట్టు కింద; అతనికి ఆ చివరి మెట్టు, గురుపట్టం, రావలసి ఏడాదిన్నర దాటింది. పట్టం ఇవ్వడానికి మేత్రాసనానికి పీఠాధిపతి, అంటే బిషప్పు, లేరు; రోము నుంచి నియామకం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతోంది. బావ ఊళ్లో బడి ఉద్యోగం ఒకటి చూసిపెట్టాడు. గురువారం సాయంత్రం జోజిబాబు ఎవరికీ చెప్పకుండా రేకుపెట్టె సర్దుకున్నాడు. మర్నాడు పొద్దున పూజ అయ్యాక సెలవు అడుగుదామని ఫాదర్ దగ్గరికి వెళ్లి, సెలవుకు బదులు ప్రశ్న అడిగాడు.

"ఎప్పుడొస్తుందో తెలియని దానికోసం మనిషి ఎన్నాళ్లని కాచుకోవాలి ఫాదర్?"

ఫాదర్ చెప్పులేసుకున్నారు. గుడిలోకి వెళ్లి పీఠం దగ్గరి మందసం తెరిచి, దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం, ఉంచిన చిన్న గొలుసు డబ్బీని తెచ్చి జోజిబాబు మెడలో వేశారు. "లూర్దమ్మ ఇంటికి వెళ్దాం పద" అన్నారు.

లూర్దమ్మ తుంటి విరిగి ఆరేళ్లుగా మంచంలో ఉన్న ముసలావిడ. నెలలో మొదటి శుక్రవారం ఫాదర్ ఆమెకు సత్ప్రసాదం తీసుకెళ్తారు. ఇది మూడో శుక్రవారం. "కబురైనా పెట్టలేదు, వాళ్లు ఏ పనిలో ఉంటారో ఏమో" అని జోజిబాబు మిరపచేల గట్ల మీద నడుస్తూ సణిగాడు. ఫాదర్ నడక ఆపలేదు.

తీరా ఇంట్లో అడుగుపెడితే మంచం పక్కన బల్ల వేసి ఉంది. దానిమీద గంజిపెట్టిన తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసులో మంచినీళ్లు. అగ్గిపెట్టె కూడా చేతికందేలా పెట్టి ఉంది.

"మేం వస్తున్నామని ఎవరు చెప్పారమ్మా?" అని జోజిబాబు అడిగాడు.

"ఎవరూ చెప్పలేదండీ బ్రదరుగారూ," అంది కోడలు. "ప్రతి శుక్రవారం ఇదే వరస. ఫాదరుగారు రాని వారం కూడా ఈ బల్ల ఎయ్యందే మా అత్త ఊరుకోదు. పది దాటేదాకా గంజి కూడా ముట్టదు."

లూర్దమ్మ నవ్వింది. "వచ్చేది దేవుడు గదయ్యా. ఆయనకి ఫలానా రోజని నేనెట్టా పెట్టేది? గట్టు తగువులో ఉన్న మా అబ్బాయిలిద్దరూ ఈ బల్ల ఏసిన పూట గొంతెత్తరు. ఇల్లంతా చల్లంగా ఉంటది. రాకముందే ఇంత ఇచ్చినోడికి, వచ్చినాక స్తోత్రం చెబుదాంలే అని ఊరుకుంటానా?"

కోడలు కొవ్వొత్తులు వెలిగించింది. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు డీకన్లు ఎడమ భుజం మీంచి అడ్డంగా వేసుకునే పొడుగాటి పట్టీ, స్టోల్ కోసం జోజిబాబు సంచిలో చెయ్యి పెట్టాడు. అది లేదు. రేకుపెట్టెలో బట్టలన్నిటికీ అడుగున ఉంది. ఇక దానితో పనిలేదనుకుని అన్నిటికంటే ముందు సర్దింది దాన్నే. మంచం దిగలేని మనిషి సిద్ధంగా ఉంది, దేవుణ్ణి మోసుకొచ్చిన తనే సిద్ధంగా లేడు. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

ఫాదర్ జేబులోంచి తన స్టోల్ తీసి, మడత విప్పి, డీకన్లు వేసుకునే తీరునే అతని భుజం మీంచి అడ్డంగా వేశారు. జోజిబాబు తలెత్తకుండానే, వినీ వినపడనట్టు "క్రీస్తు శరీరము" అంటూ సత్ప్రసాదం అందించాడు. లూర్దమ్మ చెప్పిన "ఆమెన్" మాత్రం వీధిలోకి వినిపించింది.

తిరుగుదారిలో అతనికి ఈ ఏడాదిన్నరలో జరిగినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తను జ్ఞానస్నానం ఇచ్చిన పసివాళ్లు, తన చేత సత్ప్రసాదం అందుకుని కళ్లు మూసిన ముసలివాళ్లు. పట్టం రాలేదన్న దిగులులో పడి వీటిలో ఒక్కదానికీ అతను స్తోత్రం చెప్పుకోలేదు. ఇప్పుడు గట్టు వెంబడి నడుస్తూ చెప్పుకున్నాడు. అతను కళ్లు తుడుచుకుంటుంటే ఫాదర్ రెండడుగులు ముందుకు నడిచారు.

గుడి ముందు చెప్పులు విడిచి, స్టోల్ మడిచి ఫాదర్ చేతికిచ్చాడు.

"నేను పెట్టె సర్దుకున్నానని మీకు తెలుసా ఫాదర్?"

"అందులో ఏం సర్దుకున్నావో నేనడగను నాయనా," అన్నారు బాలశౌరి ఫాదర్. "స్టోల్ మాత్రం చేతికందేలా పైన పెట్టుకో."