ఒరిగితే మోగే గంట

ధీరవర్మ మహారాజు తేలికపాటి పందెపు రథానికి ఒక గంట ఉండేది. రథం ఒరిగితే చాలు, బోల్తా పడకముందే మోగి హెచ్చరించేది. అలాంటిది కొన్నాళ్లుగా చదునైన బాటలోనూ గణగణమంటోంది. చక్రాలు మార్చారు, ఇరుసు మార్చారు, చివరికి గుర్రాలనూ మార్చారు. అయినా గంట ఆగదే! రాజుకు బుర్ర తిరిగిపోయింది.

"సారథిదే తప్పు ప్రభూ, తల తీయించండి" అని ఒకరోజు రథంలో పక్కన కూర్చున్న మంత్రి రాజు చెవిలో ఊదాడు. మళ్లీ గణగణ!

బాట పక్కన మజ్జిగ అమ్ముకునే ఓబుళమ్మ ఫక్కున నవ్వింది.

"ఏమిటా నవ్వు?" అన్నాడు రాజు.

"రథానికేం రోగం లేదు మహాప్రభూ. మంత్రిగారు చెవిలో చెప్పినప్పుడల్లా తమరు అటు ఒరుగుతున్నారు, తమతోపాటు రథమూ ఒరుగుతోంది. ఆ మాటేదో పైకి చెప్పమనండి."

రాజు నిటారుగా కూర్చున్నాడు. "సారథి చేసిన తప్పేమిటో అందరూ వినేలా చెప్పు మంత్రీ!"

మంత్రి నోరు పెగల్లేదు. గంటా మోగలేదు.