పిప్పి నీళ్లు

చెట్ల మందు గుట్టు ఇంకొకరికి చెబితే, చెప్పినవాడి చేతిలో అది పనిచేయదని మా కొండల్లో నమ్మకం. అందువల్ల మా వైద్యులు చాలామంది మందుల్ని తమతోనే పట్టుకుపోయారు. వారి రోగులు కొందరు వారికంటే ముందే వెళ్లారు. లక్కన్న వైద్యుడు మాత్రం అడిగినవారికల్లా చెప్పేవాడు. ఆయన శిష్యుడు సీమన్నకు కామెర్ల మందులో సాటి లేదు. ఈ సంగతి మనం చెప్పనక్కర్లేదు, అతనే చెబుతాడు.

ఒక ఉదయం సీమన్న అడిగాడు: “గురువుగారూ, అవతలి గూడెం వాళ్లు మందు నేర్పమంటున్నారు. నేర్పితే నా చేతి సత్తువ పోదా?”

గురువు జవాబిచ్చేలోపు, మా ఊరి రైతు దోమన్న గునపం భుజాన వేసుకుని అటుగా వచ్చాడు.

“ఎక్కడికి అల్లుడా?” అన్నాడు గురువు.

“గొట్టం పగలగొట్టడానికి మావా. నా నారుమడి ఎండిపోతోంది. అది పోతే ఈ ఏడు మా ఇంట్లో తిండి లేదు. గెడ్డ నీళ్లలోంచి కరెంటు లాగేసుకున్నాక ఇంకేముంటుంది? పిప్పి.”

“నిజమే కావచ్చు. పద, మేమూ వస్తాం.”

మా గెడ్డకు, అంటే మా కొండవాగుకు, ఆనకట్ట లేదు. పైన మోకాలెత్తు రాతికట్టు కొంత నీటిని పక్కకు తిప్పుతుంది. ఆ నీరు గొట్టంలో కొండ దిగి, చిన్న గదిలో ఒక చక్రాన్ని తిప్పి, మళ్లీ గెడ్డలో కలుస్తుంది. పొగ లేదు, బొగ్గు లేదు. ఊళ్లోని నూటపది గడపల దీపాలకూ, పిండిమరకూ కరెంటు అక్కడి నుంచే. గదిలో అడుగు పెట్టగానే కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది. మా ఊళ్లో పెళ్లిలోనూ చావులోనూ ఆగని నోళ్లు, అక్కడ వాటంతటవే మూతపడతాయి.

గది వెనక నీరు తెల్లగా బయటికి దూకుతోంది.

“ఇదేనా పిప్పి? దిగి చూడు,” అన్నాడు గురువు.

దోమన్న దిగాడు. పిప్పి అతన్ని నాలుగడుగులు ఈడ్చుకుపోయి రాతికి ఆనించింది. సీమన్న చెయ్యి అందించి పైకి లాగాడు. ఆ తర్వాత ముగ్గురూ, గది దిగువన గెడ్డలోంచి మళ్లకు తీసిన కాలవ గట్టు వెంట మడి దాకా నడిచారు. కాలవ నిండుగా ఉంది. మడిలో మాత్రం నేల పగుళ్లు విచ్చింది. మడి నోటికి అడ్డంగా బంకమట్టి దిట్టంగా మెత్తి ఉంది.

“ఇదెవరు కట్టారు?” అన్నాడు గురువు.

దోమన్న తల గోక్కున్నాడు. “నేనే మావా. సారం లేని నీళ్లు నారుకెందుకని, తొమ్మిది రోజులయింది.”

గురువు వంగి మట్టి లాగేశాడు. నీరు పగుళ్లలోకి బుసబుసమంటూ దిగింది. ఒక్కొక్క నారుమొక్క పాదం దగ్గరా ఆగి, నింపి, ముందుకు సాగింది. మడి చివర దాకా అది చేరేవరకూ ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

“బతుకుతుందా మావా?” అన్నాడు దోమన్న మెల్లగా.

“వేరు పచ్చిగానే ఉంది,” అని, గురువు సీమన్న వైపు తిరిగాడు. “ఇన్నాళ్లుగా ఇంత నీరు ఆ చక్రం దాటి వచ్చింది కదా. అది తనకోసం ఎంత దాచుకుందో, దాని సత్తువ ఎంత తగ్గిందో ఒకసారి చూసి రా.”