బిళ్ళ లేని వేళ్ళు

తుంగవరం రాజుగారికి ఆ ఏడు స్వరపేటిక పిచ్చి పట్టుకుంది. ఓడ వర్తకులెవరో కానుకగా ఇచ్చిపోయిన పెట్టె అది. ముందు నిండా మీటలు, వెనక తోలుతిత్తి. ఒక మీట నొక్కితే వీణ పలుకుతుంది, ఇంకోటి నొక్కితే మద్దెల మోగుతుంది. చేతనైనవాడు కూర్చుంటే ఒక్కడే కచేరీ మొత్తం నడిపేస్తాడు.

ఆ చేతనైనవాడు బసివయ్య. ఎవరూ నేర్పలేదు. తిండీ తిప్పలూ మాని పెట్టె దగ్గరే పడుండి, నొక్కి నొక్కి, విని విని పట్టేశాడు. అతని పెళ్ళాం చుక్కమ్మ రాజుగారికి తమలపాకుల పెట్టె పట్టే మనిషి. సింహాసనం పక్కనే నిలబడి మొగుడి వాయింపు వింటుంటే ఆమెకి నేల మీద కాళ్ళు నిలిచేవి కావు.

అంతా బాగుందనుకుంటుండగా గుండంభట్టు దిగాడు. మెడలో వరసగా ఇత్తడి బిళ్ళలు. పెట్టె చేసినవాళ్ళ దగ్గరే చదివి, పరీక్షలు నెగ్గి తెచ్చుకున్నాడట. బిరుదు నాదకేసరి అట. ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే పెట్టుకున్నాడు.

“బిళ్ళ లేనివాడు స్వరపేటిక ముట్టుకోవడమా ప్రభూ! పొరుగు రాజులు వింటే నవ్విపోరూ?”

నవ్వుతారనేసరికి రాజుగారు బెంబేలెత్తిపోయారు. “మరి ఏం చేద్దామంటారు?”

“పరీక్ష పెడతాను. నెగ్గినవాడికి బిళ్ళ, కొలువు. తప్పినవాడు కోట దాటాల్సిందే.”

పరీక్షంటే ఏమిటనుకున్నారు? భట్టు దంతపు పుల్లతో ఒక్కో మీటా చూపిస్తాడు. దాని శాస్త్రంలోని పేరు చెప్పాలి. అంతే! పేర్లన్నీ మీటల వరసలోనే రాసిన తాటాకు ముందే ఇస్తాడు. పరీక్ష వేళ తిత్తి కట్టేసి ఉంటుంది, భట్టు నోరు విప్పడు. చప్పుడైతే పరీక్ష మైలపడుతుందట. సంగీతానికి మూగ పరీక్ష, ఎక్కడైనా ఉందా ఈ చోద్యం!

బసివయ్య మొదటి మీటకే బోల్తా పడ్డాడు.

“ఇది... మా అత్తగారి మీటండీ.”

“అదేం పేరయ్యా?” అన్నారు రాజుగారు.

“నొక్కితే కయ్యిమంటుందండీ, అందుకని.”

సభ గొల్లుమంది. భట్టు తల అడ్డంగా ఊపాడు. పున్నమిలోగా కోట ఖాళీ చెయ్యాలని ఆజ్ఞ అయింది.

ఇంటికొచ్చి బసివయ్య మూట కట్టుకోవడం మొదలెట్టాడు. “పోనీలే చుక్కా, పెళ్ళిళ్ళలో తాళం వేసుకుని బతుకుతాను.” అంటూనే అతని వేళ్ళు మూట మీద మీటలు నొక్కుతున్నాయి. అది చూసి చుక్కమ్మకి ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. మూట విప్పి పారేసింది. మొగుడికిచ్చిన తాటాకు కొంగున ముడేసుకుని, సరిహద్దు కోటలో ఉన్న మేనమామ సింగప్ప దగ్గరికి బయల్దేరింది.

పున్నమి నాటికి మావని వెంటబెట్టుకుని సభకొచ్చింది.

“మహాప్రభూ, మా మావ పరీక్షకి కూర్చుంటాడు.”

“ఇదివరకు ఏం కొలువు?”

“మీసం మొలిచిన నాటినుంచీ ఫిరంగి కొలువే మహాప్రభూ.” భట్టు వైపు తిరిగింది. “స్వామీ, మావ నెగ్గితే ప్రభువుల ముందు వెంటనే ఒక పాట వాయించనిస్తారా?”

“బిళ్ళ పడ్డాక వాయించలేకపోవడమా! దానికి నాదీ పూచీ,” అన్నాడు భట్టు.

పుల్ల కదిలింది. సింగప్ప మీసం దువ్వాడు.

“ఉత్తర వేణువు!”

ఆ కేకకి చూరు మీది పావురాలు లేచిపోయాయి. పుల్ల పక్కకి జరిగింది.

“ద్వితీయ మర్దళం!”

ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. చివరి మీట అయ్యేసరికి భట్టు ఆనందం పట్టలేక నోరు విప్పేశాడు. “ప్రభూ, ఇలాంటి విద్వాంసుణ్ణి నేను చూళ్ళేదు! సంగీతం ఈయన రక్తంలోనే ఉంది!” తన మెడలోంచి పెద్ద బిళ్ళ తీసి సింగప్ప మెడలో వేశాడు.

తిత్తి విప్పారు. సింగప్ప రెండు చేతులూ మీటల మీద పడేశాడు.

అబ్బబ్బబ్బ! వీణ మీద మద్దెల పడింది, మద్దెల మీద గంటలు పడ్డాయి, అన్నిటి మీదా అత్తగారి మీట కయ్యిమంది. గజశాలలో ఏనుగులు ఘీంకరించాయి. రాజుగారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని “ఆపు!” అన్నారు. ఆపలేదు. “ఆపవయ్యా బాబూ!” భట్టు కూడా గొంతు చించుకున్నాడు. సింగప్ప ఇంకా హుషారెక్కాడు.

చుక్కమ్మ వెళ్ళి భుజం తట్టింది. అప్పుడాగాడు. చెమట తుడుచుకుని, ఆమె వైపు తిరిగి, సభ దద్దరిల్లేలా అడిగాడు.

“మోగిందా అమ్మాయ్?”

రాజుగారు తెల్లబోయారు. “వాయించినవాడు మోగిందా అని అడుగుతాడేమిటి చుక్కమ్మా?”

“ఫిరంగుల పక్కన నిలబడి నిలబడి మా మావకి చెవులు పోయాయి మహాప్రభూ. పిడుగు పడ్డా వినిపించదు.”

భట్టు ముఖం మాడిపోయింది. “చెవుడని ముందే చెప్పొద్దూ!”

చుక్కమ్మ చేతులు జోడించింది.

“పరీక్షలో చెవులతో పనిపడి ఉంటే, మీకే తెలిసేది కదా స్వామీ!”

రాజుగారు నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. “అయితే ఈ బిళ్ళ దండగేనంటావా?”

“దండగెందుకు మహాప్రభూ? మీట పేరు తెలుసని బిళ్ళ చెబుతుంది. పాట బాగుందో లేదో వినేవాళ్ళు చెప్పాలి.”

“విని చెబుతున్నాను, బసివయ్య కొలువు బసివయ్యదే!” రాజుగారు మెడలో ముత్యాల పేట తీసి చుక్కమ్మ చేతిలో పెట్టారు. “భట్టుగారూ, రేపట్నుంచి కళ్ళు మూసుకుని అతని పక్కన కూర్చోండి. చూడకుండా ఏ మీటో చెప్పగలిగిన రోజున మళ్ళీ పరీక్షలు పెడుదురు గాని.”

సభంతా చప్పట్లు, నవ్వులు. సింగప్ప నలువైపులా చూశాడు. అందరి పళ్ళూ కనిపిస్తున్నాయి, అందరి చేతులూ ఆడుతున్నాయి. పెద్దాయన మనసు నిండిపోయింది.

“ఇంకోటా? దానికేం భాగ్యం!” అని మళ్ళీ మీటల మీద చేతులు వేశాడు.

గుమ్మం దాటిన వాళ్ళలో రాజుగారే మొదటివారు.