నెమలికి ఐదు చుక్కలు

ఏటికి ఇటు తూర్పు గట్టు, అటు పడమటి గట్టు. ఎండలు ముదిరాక ఆ ఏట్లో మిగిలేది ఒక్కటే మడుగు. అందులో ముందు ఎవరు తాగాలన్నది ఏటా మాఘమాసంలో జరిగే కబడ్డీ పోటీ తేలుస్తుంది. గెలిచిన గట్టువాళ్ళు తెల్లారగానే తేటనీళ్ళు తాగుతారు. ఓడినవాళ్ళు ఎండ నెత్తికెక్కేదాకా ఆగి, అవతలివాళ్ళు తాగి, మునిగి, పొర్లి పోయాక మిగిలిన బురద తాగాలి.

అందుకని పోటీకి ముందే రెండు గట్లవాళ్ళూ అడవంతా తిరిగి కుర్రకారుని జట్టులోకి పిలుచుకుంటారు. జట్టుకి ఏడుగురే. మాట ఎవరైనా ఎవరికైనా ఇవ్వొచ్చు, తప్పొచ్చు కూడా. పున్నమి పొద్దున ఇసుకలో తవ్విన చెలమ దగ్గరకి వచ్చి, ఏ గట్టువాళ్ళ చెలమలో మూతి పెడితే ఆ ఏడాదికి ఆ గట్టుకి ఆడాల్సిందే. తాగినవాళ్ళు పోవడానికీ లేదు, తాగించినవాళ్ళు పొమ్మనడానికీ లేదు.

మధ్యలో గోరింక ఒకటి. అది కొమ్మ మీద కూర్చుని, ఫలానా ఆటగాడి సత్తాకి ఇన్ని చుక్కలు, ఫలానా గట్టు ఫస్టు అని చాటుతుంది. పుట్టి బుద్ధెరిగాక అది కబడ్డీ ఆడింది లేదు. అయినా దాని మాటంటే అడవికి మహా గురి. ఆట మొదలవకముందే కప్పలూ ఉడుతలూ ఆ చుక్కల మీద గొంతులు చించుకునేవి.

"మా తూర్పు గట్టే ఫస్టు! పందిపిల్లకి నాలుగు చుక్కలు, దుప్పికి నాలుగు!" అనేది కప్ప.

"మరి మీ ఉడుముకో? ఒకటి! అదీ గోరింక జాలిపడి ఇచ్చిందట!" అనేది అవతలి గట్టు ఉడుత.

తూర్పు జట్టు కూర్చే పెద్దరికం నక్కది. తన జట్టు ఫస్టు అన్నంతకాలం అది తోక నేలకి ఆననివ్వలేదు. ఒకరోజు గోరింక కొత్త కబురు తెచ్చింది.

"పడమటి గట్టువాళ్ళు నెమలిని ఒప్పించారహో! కూత మొదలెడితే గుక్క తిప్పుకోదు. ఐదు చుక్కలు! ఇక పడమటి గట్టే ఫస్టు!"

ఆ పూట నక్కకి తిండి సయించలేదు. ఎవరు నవ్వినా తన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. అసూయ అంటే అదే, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

"కూడు మానేసి ఏమిటల్లుడూ ఈ ఏడుపు?" అంది తూర్పు గట్టు ముసలి ఎనుబోతు.

"ఏడవక ఏం చెయ్యను మామా? వాళ్ళకి ఐదు చుక్కల నెమలి. నాకేమో నువ్వు తెచ్చి అంటగట్టిన ఒంటిచుక్క ఉడుము!"

"దాని పట్టు నీకు తెలీదు. మొన్న సరదాకి నా కాలు పట్టుకోమన్నాను. ఏరు దాటాను, ముళ్ళతుప్పల్లో పడ్డాను, వదిలితేనా? చివరికి నేనే బతిమాలుకున్నాను."

"అంతటిదైతే గోరింక చెప్పదూ?"

"గోరింక కాలు అది పట్టుకోలేదు కదా."

నక్కకి ఆ మాట చెవికెక్కలేదు. చూపంతా అవతలి గట్టు మీదే. మర్నాడు తుప్పల చాటున నక్కి నక్కి అటు వెళ్ళింది.

అక్కడ పడమటి జట్టు పెద్ద, ముసలి కుందేలు, తల పట్టుకుని కూర్చుని ఉంది. నెమలి కూత బాగానే పెడుతోంది. కానీ ఆటలో రెక్క విప్పకూడదని నియమం. వెనక్కి తిరిగేసరికి ఆ బారెడు పింఛం అవతలివాళ్ళ కాళ్ళ దగ్గరే ఉండిపోతోంది. పొద్దుటినుంచి పాలు మరవని కుందేలు పిల్లలు కూడా దాన్ని పట్టుకుని కూలదోస్తున్నాయి.

అంతలో తుప్పలోంచి నక్క చెవులు కనిపించాయి. కుందేలు మొహం వికసించింది.

"నాయనా, ఆ పొద చాటుకి వెళ్ళి కూత పెట్టు. నేను చెప్పేదాకా ఇవతలికి రాకు," అని నెమలి చెవిలో చెప్పి, నక్క వైపు తిరిగింది. "ఏం మరిదీ, ఇలా వచ్చావ్?"

"ఊరికే వదినా, గాలి కోసం," అంది నక్క, ఒళ్ళు దులుపుకుంటూ.

పొద చాటునుంచి కూత సాగుతోంది. సాగుతూనే ఉంది. నక్క నోరు తెరుచుకుంది.

"విన్నావుగా? ఈ ఏడు మడుగు మాదే," అంది కుందేలు. "మీ ఉడుము ఎలా ఉంది? దాన్ని పెట్టుకుని ఎలా నెగ్గుకొస్తావో, తలుచుకుంటే నాకే దిగులుగా ఉంది."

ఆ జాలి మాట నక్కకి కారం రాసినట్టయింది. సాయంత్రం నెమలిని ఒంటరిగా పట్టుకుంది.

"ఏం బాబూ, ఆ కుందేళ్ళ మధ్య నీకేం పని? మా జట్టుకి నువ్వే నాయకుడివి. ముందు నడిచేది నువ్వే."

"నా పింఛానికి దుమ్ము అంటకూడదు మరి," అంది నెమలి.

"మోసేవాళ్ళని పెడతాం!" అంది నక్క.

నెమలి సరేనంది. జట్టులో ఏడో చోటు ఖాళీ చెయ్యాలి. నక్క ఉడుముని పిలిచింది.

"అన్నా, నేనేం తప్పు చేశాను?" అంది ఉడుము.

"తప్పేం లేదురా. చుక్కలే లేవు. పోయిరా."

ఉడుము తల దించుకుని ఇసుకలో పడి నడిచింది. పున్నమి పొద్దున నెమలి తూర్పు చెలమలో ముక్కు ముంచి తాగుతుంటే కప్పలు చెవులు పగిలేలా అరిచాయి. ఆ సందట్లో అవతల కుందేలు ఉడుముకి ఎదురెళ్ళి, "దాహంగా ఉన్నావు, రా నాయనా," అని తమ చెలమ దగ్గరకి తీసుకెళ్ళడం ఎవరూ పట్టించుకోలేదు.

"తూర్పు గట్టే ఫస్టు! ఇంతటి జట్టు అడవి పుట్టాక లేదు!" అని చాటింది గోరింక. నక్క పనిగట్టుకుని కుందేలు బొరియ ముందునుంచి మూడుసార్లు తిరిగింది. ఎవరికైనా మండుతుందేమోనని చూసింది. కుందేలు గడ్డి నములుతూ కూర్చుంది.

పోటీ రోజు ఆట సమంగా నడిచింది. చివరి కూత తూర్పు గట్టుది. ఒక్కరిని తాకి వచ్చినా గెలిచినట్టే. నక్క నెమలిని పంపింది.

ఆహా, ఏం కూత! ఆకు కదలడం మానేసింది. నెమలి గీత దాటి, కుందేలు పిల్ల చెవి తాకి, హొయలుగా వెనక్కి తిరిగింది. ఒళ్ళైతే తిరిగింది గానీ పింఛం ఇంకా అక్కడే ఉంది. నేలకి కరుచుకుని పడుకున్న ఉడుము దాన్ని పట్టుకుంది.

నెమలి లాగింది. గింజుకుంది. గుక్క పొడుగు కాబట్టి కూత ఆగలేదు, కూత ఆగలేదు కాబట్టి ఆట ముగియలేదు. అడవి అంతా నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. ఆఖరికి గుక్క తెగి నెమలి చతికిలబడింది, ఆట పడమటి గట్టుదైంది.

"వదలమనండి! అది మా ఉడుమే!" అని అరిచింది నక్క.

"మనదేనల్లుడూ," అంది ఎనుబోతు. "నువ్వేగా పొమ్మన్నావు."

ఎండలొచ్చాయి. కాలుతున్న ఇసుకలో తూర్పు గట్టువాళ్ళు వరసగా నిలబడ్డారు. పడమటివాళ్ళు తాగి వెళ్ళాక మడుగులో గోధుమరంగు బురద మిగిలింది. నక్క కళ్ళు మూసుకుని మూతి పెట్టింది. పక్కనుంచి కుందేలు, కడుపునిండా తేటనీళ్ళతో, ఇంటికి పోతూ ఆగింది.

"మరిదీ, వచ్చే ఏడుకి మేం ఒక నత్తని చూసి పెట్టుకున్నాం. గోరింక ఆరు చుక్కలు ఇస్తుందట."

నక్క బురద మూతితోనే దిగ్గున లేచింది.

"ఆరా! ఎక్కడుంటుందది?"

ఎదుటివాడి దగ్గర ఏముందోనని కుళ్ళుకునేవాడు తన దగ్గర ఉన్నదాన్ని తన చేతులతోనే పారేసుకుంటాడు.