గొళ్ళెం పట్టు

రాతిగుండు మోకాళ్ళ దాకా లేచింది. అక్కడ పైడిరాజు నడుములో ఏదో చివుక్కుమంది.

రాయి చేజారి గోదా మట్టిలో దిగబడింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నిటారుగా నిలబడబోతే కళ్ళు బైర్లు కమ్మాయి.

తాలింఖానాలో కుస్తీ నేర్చుకుంటున్నవాళ్ళు ముందు నవ్వారు.

"గొళ్ళెం పట్టు కావాలని తిరుగుతున్నావు కదరా! ఇదిగో, నీ నడుముకే పడింది," అన్నాడు తోటి శిష్యుడు ఎర్నాయుడు. దగ్గరికి వచ్చి, పైడిరాజు మొహం చూసి నవ్వు ఆపేశాడు.

గొళ్ళెం పట్టు వాళ్ళ గురువు మదార్ వస్తాదుగారి సొంత పట్టు. వెనకనుంచి ఎదుటివాడి నడుం చుట్టూ చేతులు వేసి బిగిస్తే, తలుపుకి గొళ్ళెం పెట్టినట్టే. ఇక విడిపించుకోవడం ఉండదు. ఆ పట్టుతో ఆయన ఎన్నో ఊళ్ళ పహిల్వాన్లని చిత్తు చేశారు. కుస్తీలో వీపు మట్టికి తగిలితే ఓడినట్టే. వాళ్ళ వీపులన్నీ తగిలాయి. ఆయన వీపు మాత్రం ఏ గోదాలోనూ మట్టికి అంటలేదు.

ఆ పట్టు ఆయన ఇంకా ఎవరికీ నేర్పలేదు. నేర్పితే పైడిరాజుకే నేర్పుతారని అందరికీ తెలుసు.

కానీ ఆయన మర్చిపోతున్నారు.

మొదట మనుషుల పేర్లు పోయాయి. తర్వాత పట్లు పోవడం మొదలైంది. ఒకరోజు ఎర్నాయుడికి ఏదో చూపిస్తూ సగంలో ఆగిపోయారు. తన చేతుల వైపు చూసుకున్నారు. "ఇవాళ్టికి చాలు," అన్నారు. అది మళ్ళీ చూపించలేదు. ఎవరూ అడగలేదు.

అందుకే పైడిరాజుకి తొందర. "ఈ గుండు భుజానికెత్తినవాడికి గొళ్ళెం పట్టు చెప్తాను," అని గురువుగారు ఎప్పుడో ఒకసారి అన్నారు. అది పట్టుకుని, పొద్దున్నే వచ్చి, ఒళ్ళు వేడెక్కకుండానే గుండు మీద చెయ్యి వేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు నడుం నొక్కి చూశాడు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగాడు. లేదన్నాడు పైడిరాజు.

"ఎముకకేం కాలేదు. కండరం బెణికింది. ఇవాళా రేపూ చల్లటి గుడ్డ వెయ్యి, తర్వాత వేడి కాపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టుకో. నొప్పి కొంచెం సర్దుకోగానే లేచి మెల్లగా నడువు, మంచానికి అతుక్కుపోకు. బరువులు మాత్రం నేను చెప్పేదాకా వద్దు."

పైడిరాజుది పక్క ఊరు. ఉండటం, పడుకోవడం తాలింఖానాలోనే. వస్తాదుగారి ఇల్లు గోడ అవతల. ఆయన భార్య జైనాబీ ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి తెచ్చి కాపడం పెట్టేది.

"కాపడానికి బోర్లా పడుకున్నావు, సరే. ఇప్పుడైనా తిరగవయ్యా. డాక్టరుగారు వెల్లకిలా అన్నారు కదా."

"ఇది తాలింఖానా అమ్మా."

"అయితే?"

"ఇక్కడ వీపు కింద పెట్టను."

"నొప్పికి కూడా కుస్తీ నియమాలేనా! పాడుగాను," అందామె. మూట మళ్ళీ నడుముకి ఆనించింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నిన్న మీ గురువుగారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ వచ్చి పీట మీద కూర్చున్నారు. తిన్నారండీ అంటే, నేనేదో అబద్ధం చెప్తున్నట్టు చూశారు."

ఉప్పు మూట కింద పైడిరాజు నడుం బిగుసుకుంది. ఆమె చేతికి అది తెలిసినట్టుంది, మూట తీసేసింది.

ఆ తర్వాత ఏ రాత్రీ అతనికి కంటి మీద కునుకు లేదు. బోర్లా పడుకుంటే నడుం లాగేది. పక్కకి తిరిగితే పొడిచేది. గోడకి ఆనుకుని కూర్చుని, పళ్ళు బిగించి తెల్లవార్చేవాడు. నొప్పి తగ్గడం లేదు. గోడ అవతల గురువుగారు దగ్గితే, ఇవాళ ఏది మర్చిపోయి లేచారో అనుకునేవాడు.

ఒక పొద్దున ఇక ఆగలేకపోయాడు. లంగోటీ బిగించుకుని గోదా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరు నడవమన్నాడు గానీ కుస్తీ పట్టమన్నాడట్రా?" అన్నాడు ఎర్నాయుడు.

"నువ్వు నోరు ముయ్యి."

మదార్ వస్తాదుగారు గోదా గట్టు మీద కూర్చుని ఉన్నారు. భుజం మీద తువ్వాలు. పైడిరాజు గోదాలోకి దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"గురువుగారూ, గొళ్ళెం పట్టు చెప్పండి."

"నడుం తగ్గిందా?"

"తగ్గిందండి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి కింద పడేశారు.

"అది తియ్యి."

పైడిరాజు వంగాడు. వేళ్ళు తువ్వాలుకి జానెడు దూరంలో ఉండగా నడుం పట్టేసింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మట్టిలో ఆనించి, పక్కకి ఒరిగిపోకుండా ఆగాడు. చెమట ముక్కు చివరనుంచి కారింది.

"గుండు ఎందుకెత్తావు?" అన్నారు వస్తాదుగారు.

"మీరే కదండీ అన్నారు..."

"ఏమన్నాను?"

"ఎత్తినవాడికి గొళ్ళెం పట్టు చెప్తానని."

ఆయన చాలాసేపు ఆలోచించారు. నుదురు ముడిపడింది, విడింది, మళ్ళీ ముడిపడింది.

"నేనా?"

ఎర్నాయుడు తల తిప్పుకున్నాడు.

పైడిరాజు నోరు ఇక అతని మాట వినలేదు.

"మీరు మర్చిపోతున్నారు గురువుగారూ! నేను తగ్గేదాకా పడుకుంటే, అప్పటికి అది మీకు గుర్తుండకపోతే? ఎవరిని అడగాలి నేను?"

ఆ మాట అప్పటిదాకా తాలింఖానాలో ఎవరూ పైకి అనలేదు. అప్పుడే ఉప్పు మూటతో గుమ్మంలోకి వచ్చిన జైనాబీ అక్కడే ఆగిపోయింది.

వస్తాదుగారు లేచారు. గోదాలోకి దిగారు. రోజూలాగే చిటికెడు మట్టి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. తర్వాత ఒక మోకాలు వంచారు. చెయ్యి ఆనించారు. మెల్లగా, ఎవరూ తొయ్యకుండా, గోదా మధ్యలో వెల్లకిలా పడుకున్నారు.

"వస్తాదుగారూ!" ఎర్నాయుడు పరిగెత్తబోయాడు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. మోకాళ్ళు మడిచి, పాదాలు మట్టికి ఆనించారు. పైడిరాజు వైపు తల తిప్పారు.

"ఏం చూస్తున్నావు? పక్కన చోటుంది."

పైడిరాజు కదల్లేదు. ఆ వీపు కింద మట్టిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మోకాళ్ళ మీదే దగ్గరికి జరిగి, మోచేయి ఆనించి పక్కకి ఒరిగాడు. భుజం మట్టికి తగిలింది. వీపు తగిలింది. నడుం మాత్రం విల్లులా పైకి లేచే ఉంది.

"ఊపిరి పట్టకు."

"పట్టలేదండి."

"పట్టావు. వదులు."

వదిలాడు. నడుం కొంచెం దిగింది. మళ్ళీ వదిలాడు. అలా ఎంతసేపు పట్టిందో గానీ, నడుం మట్టిని తాకింది. మట్టి చల్లగా ఉంది. నూనె, పసుపు వాసన వేసింది. గుండు చేజారినప్పటినుంచీ మొదటిసారి ఆ కండరం వదులైంది. అతని కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

ఇద్దరూ పైకప్పు పెంకుల వైపు చూస్తూ పడుకున్నారు.

"గొళ్ళెం పట్టు," అన్నారు వస్తాదుగారు. పక్కవాడికి మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నారు. "అది పోయిందిరా. పోయిన వర్షాలకే పోయింది. చేతులు ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ఆ తర్వాత ఏమీ లేదు. రోజూ పొద్దున లేవగానే వెతుక్కుంటాను."

పైడిరాజు నడుం మళ్ళీ బిగుసుకుంది. అది సడలేదాకా ఆయన వేచి ఉన్నారు.

"జైనాబీకి కూడా చెప్పలేదు."

ఆ మాటలు వినబడని దూరంలో, గుమ్మంలో ఆమె ఉప్పు మూట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఎర్నాయుడు ఆమె చేతిలోంచి మూట అందుకున్నాడు.

"మరి నేనేం నేర్చుకోవాలి గురువుగారూ?" అన్నాడు పైడిరాజు. గొంతులో కోపం లేదు. అడిగాక జవాబుకి భయపడ్డాడు.

వస్తాదుగారు మోకాళ్ళు దగ్గరగా ఉంచి పక్కకి తిరిగారు.

"తిరుగు. నడుం మెలితిప్పకు. భుజమూ మోకాళ్ళూ కలిసి రావాలి."

పైడిరాజు తిరిగాడు.

"మోచేయి ఆనించు. ఇప్పుడు అరచెయ్యి. బరువంతా చేతి మీద వెయ్యి, నడుం మీద కాదు. తొందరపడకు. నాకూ తొందర లేదు."

ఇద్దరూ మోకాళ్ళ మీదికి వచ్చారు. ఒక పాదం ముందుకు వేశారు. తొడ మీద చెయ్యి ఆనించి, ముసలాయన ముందు, పైడిరాజు వెనక, నిలబడ్డారు. నడుం లాగింది గానీ పట్టెయ్యలేదు.

జైనాబీ గోదాలోకి వచ్చింది. ఆయన వీపు నిండా మట్టి. కొంగుతో దులపబోయింది.

"ఉండనీ," అన్నారాయన.

వస్తాదుగారు పైడిరాజు వైపు తిరిగారు. పేరు కోసం కాబోలు, ఒక్క క్షణం తడుముకున్నారు. దొరకలేదు. భుజం మీద చెయ్యి వేశారు.

"పడెయ్యడం మర్చిపోయానురా అబ్బాయ్. లేవడం ఇంకా గుర్తుంది."

పైడిరాజు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత మోకాలు వంచి, చెయ్యి ఆనించి, మళ్ళీ మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు.