మూడు కుప్పల కుర్బానీ

అనగనగా ఓ ఊళ్ళో, బక్రీద్ వస్తే వీధంతా మసాలా వాసనతో ఘుమఘుమలాడే ఊళ్ళో, సాబిరా అని ఓ పిల్ల ఉండేదమ్మా. దాని ప్రాణనేస్తం హాజిరా. మదర్సాలో ఇద్దరిదీ ఒకే చాప.

ఓ బక్రీద్ నాడు సాబిరా వాళ్ళ అబ్బా, అదే నాన్న, పొట్టేలును కుర్బానీ ఇచ్చాడు. మాంసం మూడు కుప్పలు పోశాడు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకి, ఒకటి లేనివాళ్ళకి. అది ఆనవాయితీ. మూడూ సరిగ్గా తూగాయి. అప్పుడు మూడో కుప్పను మూటగట్టి సాబిరా చేత హాజిరా వాళ్ళింటికి పంపాడు.

వాళ్ళు విప్పి చూస్తే అన్నీ ఎముకలే, కొవ్వే.

"మా ఇంట్లో కుక్కల్లేవు సాబిరా," అంది హాజిరా. ఆ తర్వాత ఏడాదిపాటు మాట్లాడలేదు.

మళ్ళీ బక్రీద్ దగ్గరపడింది. ఈసారీ ఎముకలే మోసుకెళ్తే నేస్తం ఇక దక్కదని సాబిరాకి ఒకటే గుబులు.

అప్పుడు మదర్సాలో పాఠాలు చెప్పే నఫీసా ఆపా పాఠం అడిగింది. మూడు వంతులు ఎవరెవరికో పిల్లలు గడగడా అప్పజెప్పారు.

"ఎందుకలా పంచాలి?" అంది ఆపా. పిల్లలు మళ్ళీ ఆ మూడు వంతులే అప్పజెప్పారు.

"అల్లా బుర్ర ఇచ్చింది టోపీ పెట్టుకోడానికేనా? ఆలోచించండర్రా! న్యాయంగా పంచామని ఎలా తెలుస్తుంది?"

"తూకం వేస్తే," అన్నాడొకడు. "పంచినవాళ్ళని అడిగితే," అంది ఇంకొకతె.

అప్పుడు సాబిరా లేచింది. "తీసుకున్నవాళ్ళని అడిగితే."

హాజిరా తల తిప్పి చూసింది.

పండగ వచ్చింది. అబ్బా మూడు కుప్పలూ పోశాడు. మూడోదాన్లో ఈసారీ ఎముకలే.

"అబ్బా, ఈసారి హాజిరా వాళ్ళమ్మ ముందు ఏరుకుంటుంది," అంది సాబిరా.

"తూకం సరిపోయిందిగా, ఇంకేంటే నీ గోల?"

"సరిపోతే ఆ ఎముకల కుప్ప మనమే ఉంచుకుందాం."

అబ్బా వంగి ఎముకల కుప్పను చేత్తో కెలికి చూశాడు. ఆ తర్వాత మూడూ కలిపేసి మళ్ళీ పంచాడు. తొడ మాంసం మూడు చోట్లా పడింది. ఎముకలూ మూడు చోట్లా పడ్డాయి. కార్జాన్ని కూడా మూడు ముక్కలు కోశాడు.

సాబిరా వెళ్ళి పిలిస్తే హాజిరా, వాళ్ళమ్మ తపేలా పట్టుకుని వచ్చారు. ఆమె మూడు కుప్పలూ చూసింది. "అన్నీ ఒకటేగా, ఏదైతేనేం," అని దగ్గరున్నది ఎత్తుకుంది.

"బరువుగా ఉందే, ఓ పక్క నువ్వు పట్టుకో," అంది హాజిరా, సాబిరాతో.

కుప్పలు మూడూ కూరలాయె,
కోపం కాస్తా కరిగిపోయె,
కథ తన కంచికి వెళ్ళిపోయె,
కన్నులు మూసే వేళాయె!